పదిహేనో పేజీ

నా చేతికి వచ్చిన పరువునష్టం దావా జెరాక్స్ కట్టలో పద్నాలుగో పేజీ తర్వాత పదహారో పేజీ ఉంది. ఆ సంగతి మొదటి రోజు చూడలేదు, రెండో రోజూ చూడలేదు. తంబుచెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఒకాయన ఆ కట్ట ఇచ్చి, "మొత్తం ఇందులోనే ఉంది సార్, రాసేసుకోండి" అన్నాడు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

నేను చెన్నైలో ఉంటూ తెలుగులో వార్తలు రాస్తాను. పెరంబూరు, కొళత్తూరు, విల్లివాక్కం వైపు తెలుగు కుటుంబాల గొడవలు, సంఘాల ఎన్నికలు, స్కూళ్లలో తెలుగు చదువుల కష్టాలు, ఇలాంటివి. కోర్టు నా బీటు కాదు. ఈ కేసు మాత్రం నడుచుకుంటూ నా దగ్గరికే వచ్చింది. శివార్లలో ఒక అపార్ట్‌మెంటు. అక్కడి సంఘం కార్యదర్శి నెల్లూరు వైపు నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడ్డ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. ఆయన ఫ్లాట్ల వాళ్లందరికీ ఒక ఉత్తరం పంపాడు. అందులో బిల్డర్ మీద రెండు మాటలు రాశాడు. బి బ్లాకుకి కట్టడం పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ రాకుండానే తాళాలు ఇచ్చేశారన్నది ఒకటి, ఫ్లాట్ల వాళ్ల ఉమ్మడి నిధి, అంటే కార్పస్ ఫండ్ సొమ్ము దారి మళ్లిందన్నది రెండోది. బిల్డర్ పాతిక లక్షలకు పరువునష్టం దావా వేశాడు. కేసు తేలేదాకా ఆయన ఎక్కడా నోరెత్తకుండా ఇంజంక్షన్ కూడా అడిగాడు.

పేర్లు రాయడం లేదు. ఏ కోర్టో కూడా రాయను. ఊళ్లో ఉన్న సివిల్ కోర్టుల్లో ఒకటి అనుకోండి. ఇదంతా 2024లో ఎండాకాలం చివర మొదలై, వానాకాలం పోయేదాకా సాగింది.

మా డెస్కు చూసే ఆయన హైదరాబాదులో ఉంటారు. ఫోన్లో మూడే మూడు అడిగారు. "కేసుకి నంబరు పడిందా? జవాబు దావా చూశావా? నీ దగ్గరున్నది కోర్టు ఇచ్చిన సర్టిఫైడ్ కాపీయేనా?" మొదటిదానికి మాత్రమే అవునన్నాను. "అయితే ఆగు. ఎవడో ఇచ్చిన జెరాక్స్ చూసి వేస్తే రేపు మన మీద ఇంకో దావా పడుద్ది. వేసిన రోజు నుంచి ఏడాది టైముంటుంది వాళ్లకి" అన్నారు. లిమిటేషన్ చట్టంలో పరువునష్టం దావాకు ఇచ్చిన గడువు ఏడాదే, ఆయనకది కంఠస్థం. ఎన్నిసార్లు కోర్టు మెట్లెక్కితే అలా కంఠస్థమవుతుందో నేనడగలేదు.

ఆ రాత్రి కూర్చుని, దావాని తెలుగులో నోట్సు రాసుకుందామని మొదలుపెట్టాను. పద్దెనిమిదో పేరా చివరి వాక్యం సగంలో ఆగింది. పేజీ తిప్పితే ఇరవై ఒకటో పేరా మధ్యలో ఉన్నాను. అప్పుడు చూశాను పేజీ నంబర్లు. టీ కొట్టాయనకు ఫోన్ చేస్తే, "మెషీన్లో ఇరుక్కుపోయి ఉంటుంది సార్, పంపిస్తా" అన్నాడు. వాట్సాప్‌లో రెండుసార్లు గుర్తు చేశాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, పేజీ రాలేదు. అది నిజంగానే మెషీన్ మింగిందో, ఎవరైనా పీకారో నాకు ఇప్పటికీ తెలియదు.

సరే, అవతలివైపు జవాబు దావా అడుగుదామని కార్యదర్శి గారింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు, ఫిల్టర్ కాఫీ, చాలా బాగుంది. కాగితం ఇవ్వలేదు. "లాయరు గారు ఎవరికీ ఇవ్వొద్దన్నారు బాబూ. నేను రాసిన ప్రతి అక్షరానికీ కట్టుబడి ఉన్నా. అది రాసుకో" అన్నారు. రాసుకున్నాను. ఒక వైపు నుంచి పేజీ తక్కువైన కట్ట, ఇంకో వైపు నుంచి ఒక్క వాక్యం. దీనితో వార్త రాసేవాళ్లు లేకపోలేదు. నేనూ ఇంతకు ముందు రాసి ఉంటాను.

ఈ-కోర్ట్స్ యాప్‌లో వెతికాను. కేసుకో అక్షరాలూ అంకెలూ కలిపి పదహారుండే సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, అది కొడితే వాయిదాలు, కేసు ఏ దశలో ఉంది, రోజువారీ ఆర్డర్లు కనిపిస్తాయి. ఇంజంక్షన్ ఇంకా ఇవ్వలేదని, నోటీసు మాత్రమే వెళ్లిందని అక్కడే తెలిసింది. రాసేముందు ప్రతి ఒక్కరూ చూసుకోవాల్సింది ఇదే, ఏ నిషేధపు ఆర్డరైనా ఉందా అని. విచారణ మొదలవకముందే పత్రికల నోరు మూయించే ఆర్డర్లు అంత తేలిగ్గా ఇవ్వకూడదని ఆ ఏడాది మార్చిలోనే బ్లూమ్‌బర్గ్, జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఎక్కడో ఒకచోట ఇస్తూనే ఉంటారు. యాప్‌లో అంతవరకే. దావాలో ఏముందో, జవాబులో ఏముందో ఉండదు.

అర్మేనియన్ వీధిలో మూడో అంతస్తులో నాకు తెలిసిన లాయరక్క ఉంది. చిత్తూరు వైపు మనిషి, ఇక్కడే చదువుకుంది. ఆవిడ తెలుగులో సగం తమిళం, తమిళంలో సగం ఇంగ్లీషు. లిఫ్టు లేదు. నేను రొప్పుతూ కూర్చుంటే ముందు మంచినీళ్లు ఇచ్చి, తర్వాత కట్ట తీసుకుని, అన్నిటికంటే ముందు పేజీలు లెక్కపెట్టింది.

"కోర్టు అందరిదీ కదక్కా. వెనక బెంచీలో ఎవరైనా కూర్చోవచ్చు. ఫైలు చూడ్డానికేం?" అన్నాను.

"కూర్చో, ఎవరొద్దన్నారు? సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 153-బి అని రాసే ఉంది, కోర్టు బహిరంగమేనని. ఫైలు సంగతి అందులో లేదు."

ఆర్‌టీఐ వేస్తానన్నాను. మా ఫ్రెండు ఒకడు ఐడియా ఇచ్చాడు. అక్క నవ్వింది. "వేసుకో. నెల పోయాక, కోర్టు నిబంధనల ప్రకారం దరఖాస్తు చేసుకోండి అని ఒక ఉత్తరం వస్తుంది." గుజరాత్ హైకోర్టు కేసులో 2020 మార్చి 4న సుప్రీంకోర్టు తేల్చిందట. కేసులో పార్టీ కాని మనిషికి నకలు కావాలంటే, ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్‌తో కోర్టుకే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దారి ఉండగా సమాచార హక్కు చట్టం దారిలో రావడానికి లేదు. తీర్పు రాసిన జస్టిస్ ఆర్. భానుమతి తమిళనాడు ఆవిడే. "తీర్పు హైకోర్టు నిబంధనల మీద, కింది కోర్టుల్లో కూడా దాన్నే ఎత్తి చూపిస్తారు" అంది అక్క.

తర్వాత ఆటో శంకర్ కథ మొదలుపెట్టింది. చెన్నైలో ఆ పేరు తెలియనివాళ్లుండరు. హత్య కేసుల్లో ఉరిశిక్ష పడి జైల్లో ఉంటూ అతను రాసుకున్న ఆత్మకథను 'నక్కీరన్' పత్రిక వేయబోతే జైలు అధికారులు అడ్డుపడ్డారు. ఆ పత్రిక ఎడిటర్ ఆర్. రాజగోపాల్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1994 అక్టోబరు 7న తీర్పు. రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మన తెలుగాయన. ఒక మనిషి సొంత విషయాలు అతని అనుమతి లేకుండా వేయకూడదు. అయితే అవి పబ్లిక్ రికార్డులో ఉంటే వేయొచ్చు, కోర్టు రికార్డులు కూడా అందులోకి వస్తాయి. లైంగిక దాడి, అపహరణ లాంటి నేరాలకు గురైన ఆడవాళ్ల పేర్లు మాత్రం బయటపెట్టకూడదు.

"అమ్మయ్య, ఇంకేం మరి" అన్నాను.

"ఆగు తమ్ముడూ. వేసుకోవచ్చు అన్నారాయన. గుమాస్తా బీరువా తాళం తీసి నీ చేతిలో పెట్టాలని అన్లేదు."

ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇన్నేళ్లుగా ఆ తీర్పు గురించి ఎన్నోసార్లు విన్నాను. అందులో ఈ సందు ఉందని ఎప్పుడూ తట్టలేదు. దొరికిన కాగితం వేసుకునే హక్కు ఒకటి, కాగితం దొరకడం ఇంకొకటి. టీ కొట్టు దగ్గర కట్టలు పంచేవాళ్ల బతుకు ఆ సందులోనే ఉంది.

ఇంకో పాత కేసు కూడా చెప్పింది, మాలాంటివాళ్లదే. బొంబాయి హైకోర్టులో 'బ్లిట్జ్' పత్రిక ఎడిటర్ కరంజియా మీద పరువునష్టం దావా నడుస్తోంది. ఒక సాక్షి తన సాక్ష్యం పేపర్లో వస్తే వ్యాపారం దెబ్బతింటుందన్నాడు. జడ్జి వేయొద్దని నోటిమాటగా చెప్పారు. రిపోర్టర్ నరేశ్ మిరాజ్కర్ సుప్రీంకోర్టుకు ఎక్కాడు. 1966లో తొమ్మిదిమంది జడ్జీలు విని, జడ్జిగారికి ఆ అధికారం ఉందన్నారు. జస్టిస్ హిదయతుల్లా ఒక్కరే కాదన్నారు. "అందుకని జడ్జిగారి ముందు అతి చేయకు. ఇంగ్లండ్‌లో అయితే 2006 నుంచి దావా, జవాబు దావా ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, అవతలివాడు కోర్టుకి బదులిచ్చాక. జతచేసిన కాగితాలకే పర్మిషన్ అడగాలి. ఇక్కడ తీర్పు వచ్చాక అడిగితే పెద్దగా ప్రశ్నలుండవు. విచారణకి ముందే అడుగుతున్నావు కాబట్టి, ఇప్పుడే ఎందుకు అంటారు. దానికి జవాబుందా నీ దగ్గర?"

ఉందనుకున్నాను. ఇంటికి వెళ్లి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. ప్రజాస్వామ్యం, నాలుగో స్తంభం, ప్రజాప్రయోజనం, అన్నీ ఉన్నాయి. అక్క పెన్సిల్ తీసుకుని కొట్టేయడం మొదలుపెట్టింది. నా ఎదురుగానే, మాటా పలుకూ లేకుండా, ఒక్కో లైనూ. నాలుగు పేజీల్లో మిగిలింది ఏడు చిన్న పేరాలు. నేనెవరు, ఎక్కడ రాస్తాను, ఈ దావా గురించి రెండు వైపులవాళ్లూ నాతో ఏం చెప్పారు, నాకు లభించిన ప్రతిలో ఏ పేజీ లేదు, నాకేం కావాలి. ఐదో పేరా మాత్రం తనే చెబుతూ రాయించింది. అసంపూర్తి ప్రతిని చూసి వార్త రాస్తే ప్రతివాదికే కాదు, వాదికి కూడా నష్టం జరుగుతుంది, అందుకే కోర్టు ధ్రువీకరించిన ప్రతి కోరుతున్నాను అని. "వాది లాయర్ దీన్ని కాదనాలంటే ఇబ్బంది పడాలి, చూడు" అంది.

కావాల్సినవి నాలుగే రాయించింది: దావా, జవాబు దావా, ఇంజంక్షన్ పిటిషన్, దానికి అవతలివైపు జవాబుగా వేసిన కౌంటర్. దావాతో దాఖలైన డాక్యుమెంట్లు కూడా అడుగుదామంటే ఒప్పుకోలేదు. "అవి ఇంకా సాక్ష్యంగా నంబరు పడి ఎగ్జిబిట్లుగా మార్క్ కాలేదు. ఎవరూ రుజువు చేయలేదు. అడిగితే ఇచ్చేవి కూడా ఇవ్వరు." నేను పట్టుబట్టి ఆ లైను చేర్పించాను. అక్కడ ఆవిడ మాట వినాల్సింది.

"ఆ జెరాక్స్ ఎవరిచ్చారు?" అంది చివర్లో.

"చెప్పనక్కా."

"నాకు చెప్పకు. జడ్జిగారు అడిగితే?"

జర్నలిస్టుని సోర్స్ చెప్పమని బలవంతపెట్టకూడదని ప్రెస్ కౌన్సిల్ చట్టంలో ఉంది, కానీ అది కౌన్సిల్ ముందు నడిచే వ్యవహారానికి మాత్రమే. కోర్టులో అది గొడుగు కాదు. నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అడిగితే ఏం చెప్పాలో అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. చివరికి ఎవరూ అడగలేదు.

దరఖాస్తు దాఖలు చేసే పని అక్క దగ్గరి గుమాస్తాగారిది. తాతల నాటి నుంచి చాకలిపేటలో ఉంటున్న తెలుగు కుటుంబం, ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఆయన వెంట తిరుగుతుంటే నాకో సరదా తెలిసింది. కోర్టు తమిళం నాకు ముక్క రాదనుకున్నాను గానీ, గుమాస్తా ఇక్కడా గుమాస్తానే. వాయిదా వాయ్‌దా. జామీను జామీనే. నకలు ఒక్కటే కొంచెం మారి 'నగల్' అయింది. దానితో మా ఇంట్లో గొడవ. ఒకరోజు నేను ఫోన్లో "నగల్ రెడీయా? ఎప్పో వరుమ్?" అంటుంటే వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. "ఏంట్రా, ఎవరి నగలు? ఎక్కడ పెట్టావు?" పరువునష్టం కేసు కాగితాలమ్మా అంటే ఇంకా హడలిపోయింది.

మొదటిసారి మా కాగితాలు వెనక్కి వచ్చాయి. పైన చిన్న చీటీ, దాని మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు: ఇది ఎలా చెల్లుతుంది? ఇక్కడి లాయర్లకు ఇది రోజూ కనిపించే చీటీయేనట. అక్క దాని కిందే నాలుగు లైన్లు జవాబు రాసి మళ్లీ పెట్టించింది. నంబరు పడటానికి మూడు వారాలు పట్టింది. తర్వాత రెండు వైపులకీ నోటీసు. బిల్డర్ తరఫున కౌంటర్ వేశారు. నేను కేసుకి సంబంధం లేని బయటివాణ్ణి, నా ఉద్దేశం మీడియా విచారణ, వాది పరువుకి ఇంకా నష్టం. కార్యదర్శి గారి లాయర్ ఏ మాటా చెప్పలేదు, కోర్టు ఇష్టం అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. ప్రతి అక్షరానికీ కట్టుబడ్డ మనిషి లాయరు కదా, గట్టిగా ఇవ్వండి అనాలి కదా అనుకున్నాను. ఎందుకు అనలేదో తర్వాత తెలిసింది.

వాదనల రోజు పొద్దున పదిన్నరకి కాల్ వర్క్, అంటే కేసులు ఒక్కొక్కటిగా పిలవడం, మొదలైంది. హాలు చిన్నది, ఫ్యాన్లు రెండు, జనం అరవై మంది. మా నంబరు వచ్చేసరికి పన్నెండు దాటింది. బిల్డర్ లాయరు పెద్దాయన, గొంతు బాగుంది. మీడియా విచారణ మీద పది నిమిషాలు మాట్లాడాడు. అక్క లేచి రెండే కాగితాలు పైకి ఇచ్చింది, జెరాక్స్‌లోని పద్నాలుగో పేజీ, పదహారో పేజీ. జడ్జిగారు ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడంచేత్తో పట్టుకుని చూశారు. కళ్లజోడు పైనుంచి చూస్తూ, "పదిహేను ఎక్కడ?" అన్నారు.

"అదే అడుగుతున్నాం యువర్ ఆనర్" అంది అక్క.

హాల్లో ఎవరో నవ్వారు. పెద్దాయన కూడా చిన్నగా నవ్వినట్టే అనిపించింది, ఆయనకీ ఆ కట్ట సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

జడ్జిగారు నన్ను పిలిచి తమిళంలో అడిగారు. దావాకి జతగా ఫ్లాట్ల వాళ్ల జాబితా ఉంది, అందులో ఫోన్ నంబర్లున్నాయి, అవి కూడా వేస్తావా? వేయనన్నాను. రాసి ఇస్తావా? ఇస్తానన్నాను. పది రోజులకి, దసరా సెలవులు దాటాక, ఆర్డర్ వచ్చింది. అడిగిన నాలుగు కాగితాలూ ఇవ్వొచ్చు. ఫ్లాట్ల వాళ్ల వివరాలు ప్రచురించకూడదు. డాక్యుమెంట్లు సాక్ష్యంలో మార్క్ అయ్యేదాకా ఇవ్వడానికి లేదు. అక్క నావైపు చూసింది, ఏమీ అనలేదు.

అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది. ఆర్డర్ చేతికొచ్చాక కాపీ సెక్షన్‌లో కాపీ అప్లికేషన్ వేయాలి. వాళ్లు పేజీలు లెక్కపెట్టి, ఎన్ని స్టాంపులు కావాలో లిస్టు రాసి నోటీసు బోర్డు మీద పెడతారు. గడువు లోపల స్టాంపులు కట్టాలి. కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. రోజూ చూసుకోమని గుమాస్తాగారు చెప్పారు. నేను మూడు రోజులు చూశాను. నాలుగో రోజు వాన. ఐదో రోజు వ్యాసరపాడి సబ్‌వేలో నీళ్లు నిలిచిపోయాయి, ఇంకో వార్త మీద వెళ్లాను. వారం తర్వాత వెళ్లి చూస్తే బోర్డు మీద కొత్త లిస్టు, దాని కింద పాత లిస్టు, ఆ పాతదాంట్లో మా నంబరు. గడువు నిన్నటితో అయిపోయింది. కౌంటర్లో ఉన్నావిడ నా మొహం చూసి జాలిపడి, "ఇన్నొణ్ణు పోడుంగ" అంది. ఇంకోటి వేయండి అని. తప్పు ఎవరిదీ కాదు, నాదే. మళ్లీ వేశాను. ఈసారి వాన వచ్చినా, వార్త వచ్చినా, రోజూ పదకొండింటికి బోర్డు ముందు హాజరు. అక్కడ నిలబడేవాళ్లలో సగం మంది గుమాస్తాలు. నన్ను కూడా గుమాస్తా అనుకుని ఒకాయన తన లిస్టు చూసి పెట్టమన్నాడు. చూసి పెట్టాను.

నకలు చేతికొచ్చిన రోజు నేను మొదట చూసింది చివరి పేజీ. అక్కడ ఒక రబ్బరు స్టాంపు, అందులో ఐదు తేదీలు నింపి ఉంటాయి. దరఖాస్తు పెట్టింది, స్టాంపులు అడిగింది, స్టాంపులు కట్టింది, నకలు సిద్ధమైంది, నకలు ఇచ్చింది. అప్పీలు వేసేవాళ్లకి ఆ తేదీలు ప్రాణం, గడువు లెక్కలో నకలు కోసం పట్టిన రోజులు తీసేస్తారు కాబట్టి. నాకు వాటితో పనిలేదు. అయినా ఒక్కో తేదీ చదువుకున్నాను, పరీక్ష మార్కులు చూసుకున్నట్టు. తర్వాత మెట్ల మీదే కూర్చుని పదిహేనో పేజీ తీశాను.

అందులో పంతొమ్మిది, ఇరవై పేరాలున్నాయి. పంతొమ్మిదో పేరాలో వాదే చెప్పుకున్నాడు. బి బ్లాకు కంప్లీషన్ సర్టిఫికెట్ దరఖాస్తు పెండింగులో ఉండగానే, కొన్నవాళ్ల ఒత్తిడి మీద, సదుద్దేశంతో తాళాలు అప్పగించామని. అంటే ఉత్తరంలోని మొదటి ఆరోపణలో సగం వాది తన దావాలోనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే అది చట్టవిరుద్ధం కాదని వాదిస్తున్నాడు. ఆ వాదన నెగ్గొచ్చు, నెగ్గకపోవచ్చు. కానీ ఆ పేజీ లేకుండా చదివితే, కార్యదర్శి గారు ఉన్నదీ లేనిదీ కల్పించి రాసిన మనిషిలాగే కనిపిస్తారు. మొదటి రెండు రోజులు నాకు అలాగే కనిపించారు.

జవాబు దావా ఇంటికెళ్లి చదివాను. పదకొండో పేరా. కార్పస్ ఫండ్ గురించి రాసింది తాను స్వయంగా చూసి కాదని, ఇతర నివాసులు చెప్పగా విన్నదని, దానిని ఆరోపణగా కాక ప్రశ్నగా తీసుకోవాలని. ప్రతి అక్షరానికీ కట్టుబడి ఉన్నానని నాకు కాఫీ ఇచ్చి చెప్పిన మనిషి, అప్పటికి నెల ముందే ఈ కాగితం మీద సంతకం పెట్టి ఉన్నాడు. ఆయన లాయరు కోర్టులో ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు అర్థమైంది.

రాయడం మొదలుపెట్టేముందు అక్కకి ఫోన్ చేశాను. పరువునష్టం నేరం సెక్షన్ పాత ఐపీసీలో 499, ఇప్పుడు న్యాయ సంహితలో 356. కోర్టులో జరిగినదాన్ని సారాంశంలో నిజంగా రిపోర్టు చేస్తే నేరం కాదని అందులో ఒక మినహాయింపు ఉంది. "దాఖలైంది గానీ ఇంకా ఎవరూ చదవలేదు, వాదించలేదు. అది కోర్టులో జరిగినట్టా కాదా? రెండు వైపులా వాదించొచ్చు. నువ్వు ఆ వాదనలోకి పోకు. ప్రతి వాక్యంలో ఎవరన్నారో రాయి. విచారణ ఇంకా మొదలవలేదని రెండుసార్లు రాయి" అంది. అలాగే రాశాను. దావాలో పేర్కొన్నారు, జవాబు దావాలో పేర్కొన్నారు, దావాలో పేర్కొన్నారు. డెస్కాయన చదివి, "ఇంత చప్పగా ఉందేంటయ్యా" అన్నారు. ఒక్క మాట కూడా మార్చకుండా వేశారు.

టీ కొట్టాయన మళ్లీ ఫోన్ చేయలేదు. కార్యదర్శి గారు చేశారు. "పదకొండో పేరా వేయకుండా ఉండాల్సింది బాబూ" అన్నారు.

"మీరు సంతకం పెట్టిందే కదండీ."

"లాయరు రాయమన్నాడు." కాసేపు ఆగి, "పంతొమ్మిది కూడా వేశావులే. ఆ పేరా చదివాక సంఘంలో నాతో మాట్లాడనివాళ్లు ముగ్గురు మాట్లాడారు" అన్నారు. ఫోన్ పెట్టేముందు కాఫీకి రమ్మన్నారు. ఇంకా వెళ్లలేదు.

డిసెంబరులో విచారణ మొదలైంది. మొదలవడం అంటే, వాది తరఫు మొదటి సాక్షి తన సాక్ష్యం రాసిన ప్రూఫ్ అఫిడవిట్ దాఖలు చేసి బోనెక్కాడు, డాక్యుమెంట్లు ఏ-1 నుంచి ఏ-9 దాకా మార్క్ చేశారు, క్రాస్ ఎగ్జామినేషన్‌కి వాయిదా వేశారు. మొత్తం పావుగంట. నాకు ఇవ్వమన్నా ఇవ్వని కాగితాలే అవి. బెంచ్ క్లర్కు ఒక్కోదాని మీద నంబరు వేస్తుంటే వెనక బెంచీలోంచి మెడ చాచి చూశాను. ఏ-4 ఆ ఉత్తరం. ఇప్పుడు మార్క్ అయ్యాయి కాబట్టి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చంది అక్క. మళ్లీ అఫిడవిట్, మళ్లీ నోటీసు, మళ్లీ బోర్డు.

బయటికొస్తుంటే ఒక తమిళ పేపర్లో కొత్తగా చేరిన అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. దావా కాపీ తన దగ్గరుందట, ఎవరో ఇచ్చారట, సరిచూసుకోవడానికి నాది ఒక్కసారి ఫొటో తీసుకోవచ్చా అంది. ఆ ఎవరో ఎవరని నేనడగలేదు. నా నకలు తీసిచ్చాను. వరండాలో గోడకి ఆనుకుని, తన కట్టా నా కట్టా పక్కపక్కన పెట్టుకుని, పెదవులు కదుపుతూ నంబర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్నాలుగు దగ్గర ఆగి నావైపు చూసింది.